‘మకారియో’ నటుడు ఇగ్నాసియో లోపెస్ తార్సో గురించి మన దగ్గర ఒక్క చర్చ కూడా లేదేంటి?

రీలుపిచ్చోడు
నిన్న రాత్రి ‘మకారియో’ చూశాను. 1960 నాటి మెక్సికో సినిమా, నలుపు తెలుపు. పూట గడవని ఒక కట్టెలు కొట్టేవాడు, ఇంటినిండా పిల్లలు. జీవితంలో ఒక్కసారైనా ఒక టర్కీ కోడిని మొత్తం తానొక్కడే తినాలని పంతం పట్టి తిండి మానేస్తాడు. పెళ్లాం ఎక్కడో కోడిని దొంగిలించి వండి చేతికిస్తే, అది పట్టుకుని అడవిలోకి పోతాడు. సైతాను వచ్చి ముక్క అడుగుతాడు, పెట్టడు. దేవుడు అడుగుతాడు, పెట్టడు. మృత్యువు అడిగితే సగం ఇచ్చేస్తాడు. ఆ వేషం వేసినాయన ఇగ్నాసియో లోపెస్ తార్సో. తినబోయే ముందు ఆ కోడి వంక చూసే చూపు ఒకటుంది, పొద్దున్నుంచీ వదలడం లేదు నన్ను.

నా బాధేంటంటే ఇక్కడ వెతికితే ఆయన పేరు మీద ఒక్క చర్చ లేదు. జపాన్ నటుడు మిఫునే గురించి పేజీలకు పేజీలు రాసుకున్నాం, ఇటలీ నటుడు మాస్ట్రొయాని గురించి కొట్టుకున్నాం. ఇంత నటుణ్ని ఎలా వదిలేశాం? ఆయనవి ఇంకేం చూడాలో తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_బుల్లోడు
కథ సగం చెప్పేశారు కదండీ! చూద్దామనుకుంటున్నవాళ్లు ఏమైపోవాలి?

రీలుపిచ్చోడు
అసలు కథ మృత్యువుతో భోజనం అయ్యాకే మొదలవుతుంది. ధైర్యంగా చూడండి.

గ్వాదలహారా_గోపి
మెక్సికోలో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఇక్కడి సంగతి చెబుతా. ఆయన తెలియని ఇల్లు ఇక్కడ ఉండదు. నవంబర్ మొదట్లో చనిపోయినవాళ్ల పండగ వస్తుంది కదా, ఆ రోజుల్లో టీవీలో ‘మకారియో’ రావడం మామూలే. కథ జరిగేది కూడా ఆ పండగ ముందు రోజుల్లోనే, స్పానిష్ వైస్రాయ్‌ల కాలంలో. 2023 మార్చి 11న ఆయన పోయారు, 98 ఏళ్లు. ఆ రోజు మా ఆఫీసులో పాతికేళ్ల కుర్రాళ్లు కూడా ఆయన గురించే మాట్లాడుకున్నారు. వాళ్లలో చాలామందికి ఆయన సినిమాల కంటే సీరియళ్లలో తాతగానే తెలుసు.

కట్‌షాట్
సినిమా గొప్పదే, ఒప్పుకుంటా. కానీ అందులో సగం కెమెరామన్ గాబ్రియేల్ ఫిగెరోవాది. కాకావామిల్పా గుహల్లో తీసిన ఆ కొవ్వొత్తుల సన్నివేశంలో ఏ నటుణ్ని నిలబెట్టినా గొప్పగానే కనిపిస్తాడు. తార్సో మిగతా సినిమాలు నాలుగైదు చూశాను. మాట విరుపు, గొంతు పెంచడం, ఆఖరి వరుస ప్రేక్షకుడికి వినపడాలన్నట్టు చెప్పడం... స్టేజీ మనిషి సినిమాలోకొచ్చాడు, స్టేజీ మాత్రం దిగలేదు. ఇక్కడ ఆయన గురించి చర్చ లేకపోవడానికి అదీ ఒక కారణమే.

తెనాలి_నాటకాలు
కట్‌షాట్ గారూ, స్టేజీ దిగకపోవడం తప్పెలా అవుతుందండీ? ముందు ఆయన స్టేజీ ఎలా ఎక్కాడో చెబుతాను, తర్వాత తీర్పు చెప్పుకుందాం.

పుట్టింది మెక్సికో సిటీలో, 1925 జనవరి 15న. అసలు పేరు ఇగ్నాసియో లోపెస్ లోపెస్. తండ్రి తపాలా ఉద్యోగి, బదిలీల మీద ఊళ్లు తిరిగేవాళ్లు. అలా వాయె దె బ్రావో అనే ఊళ్లో ఉన్నప్పుడు గుడారం వేసి ఆడే నాటకాలవాళ్లు వచ్చారు. పిల్లాడు మొదటిసారి నాటకం చూసింది అక్కడే. పెద్ద చదువు చదివించే స్తోమత ఇంట్లో లేదు, అందుకని సెమినరీలో చేర్పించారు. ఫాదరీ కావాల్సినవాడు. పిలుపు రాలేదని తెలుసుకుని బయటికొచ్చేశాడు, కానీ పద్యాన్ని గట్టిగా, అర్థం చెడకుండా చదవడం మాత్రం అక్కడే పట్టుబడింది. తర్వాత సైన్యంలో కొన్నాళ్లు, బట్టల కంపెనీ సేల్స్‌మన్‌గా కొన్నాళ్లు. డబ్బు కోసం కాలిఫోర్నియా వెళ్లి నారింజలు కోసే కూలి పనిలో చేరాడు. చెట్టు మీంచి పడ్డాడు. వెన్నెముక దెబ్బతింది.

తిరిగొచ్చి నెలల తరబడి మంచం మీదే. అప్పుడు చదివిన పుస్తకాల్లో హవియేర్ వియౌరుతియా కవిత్వం ఉంది. ఆయన కవి, నాటకకర్త, బెయాస్ ఆర్తెస్ కళాసంస్థలో నటన చెప్పే గురువు. లేచి నడవగలిగాక ఈ కుర్రాడు నేరుగా ఆయన క్లాసుకెళ్లి, కూర్చుని వింటానని అడిగాడు. గురువు రానిచ్చాడు. లోపెస్ లోపెస్ అంటే నటుడి పేరులా లేదని మార్చుకోమన్నదీ ఆయనే. అలా వచ్చిందే తార్సో, సెయింట్ పాల్ పుట్టిన తార్సస్ ఊరి పేరు. సెమినరీ వాసన ఎక్కడికి పోతుంది!

నాటకరంగంలో 1951 నుంచీ ఉన్నాడు, సినిమాలోకి వచ్చింది 1954లో. అప్పటికే గొంతూ నడకా సిద్ధమైపోయాయి. కాబట్టి స్టేజీ మనిషి అన్నారే, అది ఆయనకు బిరుదే.

ఫ్రెస్నో_పద్మ
ఆయన నారింజలు కోసింది మెర్సెడ్‌లో. మా ఊరికి గంట దారి. ఇక్కడ తోటల్లో ఇప్పటికీ భుజానికి సంచీ తగిలించుకుని నిచ్చెనెక్కే కోస్తారు, సంచీ నిండేకొద్దీ బరువు ఒక పక్కకి లాగేస్తుంది. 1942లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకుని మెక్సికో కూలీలను అమెరికా పొలాలకు రప్పించాయి, 1964 దాకా నడిచింది. 45 లక్షలకు పైగా కాంట్రాక్టులు. ఆ రోజుల్లో మా కాలిఫోర్నియా లోయకి వచ్చి నడుం విరగ్గొట్టుకున్నవాళ్లు ఎంతమందో. అందులో ఒకాయన మంచం మీద కవిత్వం చదివి నటుడయ్యాడంటే, మిగిలినవాళ్ల గురించి కూడా ఆలోచన వస్తుంది నాకు.

మకారియో ఆకలి ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు అనిపిస్తుంది.

వరంగల్_వెంకన్న
పద్మక్క మంచి మాట చెప్పింది. నేను సినిమా జూసిన. పిల్లలు ఇంకా కావాలంటే తన పళ్లెంలది తీసి వాళ్లకే పెడ్తడు సూడు, అక్కడ ఏ మాట అనడు, ఏడ్వడు. గది స్టేజీ యాక్టింగ్ ఎట్లయితది కట్‌షాటన్నా?

కట్‌షాట్
వెంకన్నా, మకారియోని నేను మినహాయించే మాట్లాడుతున్నా. డైరెక్టర్ రొబెర్తో గవాల్దోన్ ఆయన్ని అదుపులో పెట్టాడు. పక్కన భార్యగా పీనా పెయిసేర్ ఉంది, ఆ అమ్మాయి గుసగుసలాడినట్టే నటిస్తుంది. మృత్యువుగా ఎన్రికే లుసేరో అసలు కదలడు. వాళ్ల మధ్య ఈయన అరిస్తే తేలిపోతాడు. నేనడిగేది అలాంటి కట్టడి లేని సినిమాల గురించి.

రీలుపిచ్చోడు
పీనా పెయిసేర్ 30 ఏళ్లకే పోయిందట, 1964లో. మార్లన్ బ్రాండో తీసిన వెస్టర్న్‌లో కూడా చేసింది. చదివాక మనసు చివుక్కుమంది.

పాతసినిమా_సుబ్బలక్ష్మి
కట్‌షాట్ బాబూ, గొంతు గొంతు అంటున్నావు. ‘ఎల్ ఓంబ్రె దె పపేల్’ చూశావా? 1963, ఇస్మాయెల్ రోద్రిగెస్ దర్శకత్వం. అందులో తార్సో మూగవాడు.

చెత్త కాగితాలు ఏరుకునే మనిషికి ఆ చెత్తలో 10,000 పెసోల నోటు దొరుకుతుంది. చింకి బట్టలవాడి చేతిలో అంత నోటు చూసి ఎవరు చిల్లర ఇస్తారు? నోరు విప్పి చెప్పుకోలేడు. చూపిస్తే దొంగ అంటారు, దాచుకుంటే కాగితమే. వాడికి కావలసింది డబ్బు కూడా కాదు, ఒక బిడ్డ. మాట్లాడే బొమ్మతో ఆట ఆడించేవాణ్ని చూసి, ఆ బొమ్మ నిజంగా మాట్లాడుతోందనుకుని నోటు ఇచ్చి దాన్ని కొనుక్కుంటాడు. తన చేతికొచ్చాక అది మాట్లాడదు. దాన్ని అడుగుతాడు, బతిమాలతాడు, కదిపి చూస్తాడు, అంతా చేతులతో, కళ్లతో. పన్నెండేళ్లు గొంతునే నమ్ముకున్న నాటకాలవాడైతే ఆ వేషం ఒప్పుకుంటాడా?

తెనాలి_నాటకాలు
అమ్మా, దెబ్బ కొట్టారు! స్టేజీ మీద నిలబడ్డవాడికి ముందు వచ్చేది శరీరం, తర్వాతే గొంతు. కట్‌షాట్ గారు ఇది చూసి వచ్చి మాట్లాడాలని నా డిమాండు.

బెజవాడ_బుల్లోడు
మాట్లాడే సినిమా మానేసి మూగ సినిమా చూడమంటున్నారు, కట్‌షాట్ గారి నోరు మూయించడానికి ఇంతకన్నా మంచి దారి లేదు 😄

గ్వాదలహారా_గోపి
ఇక్కడివాళ్లకు ఆయన గొంతు మీద ఉన్న ప్రేమ సంగతి కూడా చెప్పాలి. మెక్సికో విప్లవం మీద కొర్రిదోలు అనే కథాగేయాలున్నాయి. వియా, సపాతా లాంటి విప్లవ నాయకులు, గుర్రాలు, ద్రోహాలు, ఉరికంబాలు. మామూలుగా పాడతారు. తార్సో వాటిని వాద్యాల మధ్య చెబుతూ రికార్డులు ఇచ్చాడు, ఊరూరా ప్రదర్శనలు చేశాడు. చాలామంది ఇళ్లలో ఆ రికార్డులు ఉండేవి. మా ఇంటి ఓనరు పెద్దాయనకు కొన్ని నోటికొచ్చు, తార్సో ఎక్కడ ఆగేవాడో అక్కడే ఆగుతూ చెబుతాడు.

వరంగల్_వెంకన్న
అంటే మన బుర్రకథ లెక్క అన్నట్టు.

తెనాలి_నాటకాలు
బుర్రకథలో పక్కన ఇద్దరు వంతలు ఉంటారు వెంకన్నా, ఒకడు హాస్యం ఒకడు రాజకీయం చెబుతూ ప్రధాన కథకుణ్ని మోస్తారు. తార్సో ఒక్కడే నిలబడేవాడు. వీరగాథని జనానికి వినిపించడం వరకు రెంటికీ చుట్టరికం ఉంది, తీరు వేరు.

లెఫ్ట్‌సైడు_లింగం
అందరూ నటన గురించే మాట్లాడుతున్నారు. నాకు ఆయన జీవితంలో మింగుడుపడనిది ఇంకోటుంది. 1960లో హూలియో బ్రాచో ‘లా సోంబ్రా దెల్ కౌదీయో’ తీశాడు. విప్లవం తర్వాత జనరల్స్ అధ్యక్ష పదవి కోసం ఒకరినొకరు ఎలా చంపుకున్నారో చూపించే సినిమా. 1927లో అధ్యక్ష పదవికి పోటీపడుతున్న జనరల్ సెరానోనీ ఆయన మనుషులనీ వీత్సిలాక్ ఊరి దగ్గర రోడ్డు మీద కాల్చి చంపిన ఘటనే దీనికి మూలం. అందులో తార్సో జనరల్ ఇలారియో హిమేనెస్, అధికారంలో ఉన్నవాడు ఎంచుకున్న వారసుడు. సైన్యానికి కోపం వచ్చింది, సినిమాని తొక్కిపెట్టారు. 1990 దాకా మామూలు జనం చూడలేదు. ముప్ఫై ఏళ్లు!

మళ్లీ 1961లో గవాల్దోన్‌తో ‘రోసా బ్లాంకా’. వెరాక్రూస్‌లో ఒక రైతు తన భూమిని అమెరికన్ చమురు కంపెనీకి అమ్మనంటాడు, అతణ్ని మాయం చేస్తారు. ఆ రైతు తార్సో. అదీ ఆపేశారు, 1972లో వదిలారు.

ఇలా రెండు సినిమాలు తొక్కిపెట్టింది అప్పట్లో మెక్సికోని ఏలిన పీఆర్ఐ పార్టీ ప్రభుత్వాలే. మరి అదే పీఆర్ఐ తరఫున 1988లో ఈయన పార్లమెంటు సభ్యుడయ్యాడు, 1991 దాకా ఉన్నాడు. అందులోనూ 1988 ఎన్నిక అంటే, ఓట్ల లెక్కింపు రాత్రి కంప్యూటర్లు ఆగిపోయాయని చెప్పిన ఎన్నిక. దీన్నెలా అర్థం చేసుకోవాలి?

పాతసినిమా_సుబ్బలక్ష్మి
నటుడు వేసిన వేషాలకీ వేసిన ఓటుకీ లంకె పెడితే ఎవరూ మిగలరు లింగం.

లెఫ్ట్‌సైడు_లింగం
ఓటు కాదమ్మా, సీటు.

గ్వాదలహారా_గోపి
లింగం గారి ప్రశ్న న్యాయమైనదే. కానీ అప్పటి ఇక్కడి పద్ధతి తెలిస్తే అంత వింతగా ఉండదు. మెక్సికోలో పీఆర్ఐ 1929 నుంచి 2000 దాకా ఏకధాటిగా అధికారంలో ఉంది, ఆ మధ్యలో పేర్లు మారినా పార్టీ అదే. పెద్ద యూనియన్లు దాదాపు అన్నీ దానికి అనుబంధమే. నటుల సంఘం ‘ఆందా’ సంగతీ అంతే. ఆ సంఘానికి 1950లు, 60ల్లో నాయకుడుగా ఉన్న రొదోల్ఫో లాందా ఎవరనుకున్నారు? తర్వాత అధ్యక్షుడైన లూయిస్ ఎచెవెర్రియాకి తోడబుట్టినవాడు. తార్సో కూడా 1980ల్లో ఆందాకి ప్రధాన కార్యదర్శిగా చేశాడు. నటుల వైద్యం, పింఛను, పారితోషికాల బేరం అన్నీ చూసే పదవి. అక్కణ్నుంచి పార్లమెంటుకి దారి వేసే ఉండేది.

మన దగ్గర నటుడు పార్టీ పెడతాడు, అభిమానులు జెండా మోస్తారు. ఇక్కడ అలా కాదు. యూనియన్ మెట్ల మీదుగా ఎక్కాలి.

లెఫ్ట్‌సైడు_లింగం
దారి వేసి ఉందని ప్రతివాడూ నడవడు గోపీ. 1977లో ఎన్రికే లిసాల్దె, ఇంకొందరు నటులు ఆందా నుంచి విడిపోయి స్వతంత్ర సంఘం పెట్టుకున్నారు. కష్టాలు పడ్డారు, నిలబడలేకపోయారు, కానీ ప్రయత్నించారు. ‘రోసా బ్లాంకా’ రైతు మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. అందుకే ఆ నటుడి దగ్గర ఇంకొంచెం ఆశిస్తాను.

తెనాలి_నాటకాలు
ఆశించండి, తప్పులేదు. కానీ ఆ రెండు సినిమాలు చేసినప్పుడు ఆయన వయసు ముప్ఫై అయిదు, ముప్ఫై ఆరు. కెరీర్ అప్పుడే ఊపందుకుంది. సైన్యంతో, చమురు కంపెనీలతో పేచీ వస్తుందని తెలిసే కథలవి. చేశాడు. ఒకటి పదకొండేళ్లు, ఒకటి ముప్ఫై ఏళ్లు డబ్బాల్లో మగ్గినా చేసిన పని చెడిపోలేదు. ఈ రోజు మనం చూసేది ఆ పనే.

ఫ్రెస్నో_పద్మ
నేను లింగం గారి వైపు. రెండూ నిజమే కదా, రెండూ చెప్పుకుందాం. దాచేదేముంది.

బెజవాడ_బుల్లోడు
కోడి పందేల సినిమా ఒకటుందన్నారు ఎవరో. సంక్రాంతి లోపు చూడాలి, వివరాలు పెట్టండి.

పాతసినిమా_సుబ్బలక్ష్మి
‘ఎల్ గాయో దె ఓరో’, 1964. మళ్లీ గవాల్దోనే. కథ మెక్సికో రచయిత హువాన్ రూల్ఫోది, స్క్రీన్‌ప్లేలో కార్లోస్ ఫ్వెంతెస్, గాబ్రియేల్ గార్సియా మార్కెస్ ఉన్నారు. చావబోతున్న కోడిపుంజుని తెచ్చి సాకి పందేనికి దించే బీదవాడు తార్సో. లూచా వియా పాటలు పాడుతుంది. రంగుల సినిమా. పందేలు మన భీమవరం మనిషికి కొత్తగా ఉండవు, కానీ డబ్బొచ్చాక ఆ బీదవాడి నడక ఎలా మారుతుందో గమనించు బుల్లోడూ.

రూల్ఫో నవల ‘పేద్రో పారమో’ని 1967లో సినిమా తీసినప్పుడు కూడా తార్సో ఉన్నాడు, దొర దగ్గర పెత్తనం చేసే ఫుల్గోర్ సెదానోగా. ప్రధాన పాత్రకి హాలీవుడ్ నుంచి జాన్ గావిన్‌ని తెచ్చారు. చూస్తున్నంతసేపూ ఇద్దరూ చోట్లు మార్చుకుంటే బాగుండు అనిపిస్తుంది.

కట్‌షాట్
సుబ్బలక్ష్మి గారూ, ‘ఎల్ ఓంబ్రె దె పపేల్’ చూశాను. కథ రెండో సగంలో కన్నీళ్ల మోతాదు ఎక్కువైంది, అది దర్శకుడి అలవాటు. కానీ బొమ్మ మాట్లాడనప్పుడు తార్సో దాని నోట్లోకి తొంగి చూస్తాడు, అది మాత్రం ఏ స్టేజీ మీదా ఆఖరి వరుసకి కనిపించే పని కాదు. దగ్గరి షాట్ కోసమే చేసినది. ఆయనకు కెమెరా తెలుసు, సరే.

అయినా ఒకటి అడుగుతా. ఇంత తెలిసినవాడు తర్వాత దశాబ్దాలు సీరియళ్లలో ఎందుకు కూర్చున్నాడు? అక్కడి సీరియళ్లలో నటుల చెవిలో చిన్న పరికరం పెట్టి డైలాగులు అందిస్తారట కదా. గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ నాటకంలో ఈడిపస్ ఆడినవాడు అలా డైలాగు అందుకుని చెప్పడమేంటి?

గ్వాదలహారా_గోపి
1970ల చివరి నుంచి ఇక్కడి సినిమా పడిపోయింది, చవకబారువి పెరిగాయి. పని చేయగలిగింది టీవీలోనే. అయినా మంచి సినిమా వస్తే వదల్లేదు. 1976లో హోర్హె ఫోన్స్ ‘లోస్ అల్బన్యీలెస్’ తీశాడు. బిల్డింగు కడుతున్న చోట కాపలా ముసలివాణ్ని ఎవరో చంపుతారు, పోలీసులు ఒక్కొక్క కూలీని కుళ్లబొడుస్తూ విచారిస్తారు. చచ్చిన ఆ ముసలివాడు తార్సో. బెర్లిన్‌లో 1977లో సిల్వర్ బేర్ వచ్చింది. 1984లో హాలీవుడ్ దర్శకుడు జాన్ హ్యూస్టన్ మెక్సికో వచ్చి ‘అండర్ ది వాల్కేనో’ తీస్తే అందులో డాక్టర్ విహిల్ ఈయనే.

సీరియళ్లన్నీ ఒక్కటే కాదు. 1987లో వచ్చిన ‘సెందా దె గ్లోరియా’ విప్లవం తర్వాతి చరిత్ర మొత్తాన్ని ఒక కుటుంబం కథగా చెప్పింది, ఆ ఇంటి పెద్ద జనరల్‌ ఈయన. నాతో పనిచేసే ఒకామె చరిత్ర పాఠాలు బళ్లో కంటే అందులోనే ఎక్కువ నేర్చుకున్నానంటుంది.

తెనాలి_నాటకాలు
సీరియల్ ఇంటి అద్దె కడుతుంది, నాటకం ఆడనిస్తుంది. ప్రపంచంలో ఎక్కడైనా నాటకాలవాడి లెక్క ఇదే. ఈయన మాత్రం స్టేజీని ఏనాడూ వదల్లేదు. మెక్సికో ప్రభుత్వ సామాజిక భద్రతా సంస్థ దేశమంతా థియేటర్లు కట్టించిన 1960ల్లో షోలా థియేటర్లో ‘ఈడిపస్’ ఆడాడు. 1990ల్లో సిల్వియా పినాల్ పక్కన ‘హలో డాలీ’ సంగీత నాటకంలో పాడి ఆడాడు. డెబ్బై ఏళ్ల మనిషి! కరోనాకి థియేటర్లు మూతపడితే, 95 దాటాక, కొడుకు హువాన్ ఇగ్నాసియో అరాందాతో కలిసి ఆన్‌లైన్లో నాటకాలు వేశాడు. ఇద్దరు నటులు, ఒకడు పెద్దవాడు ఒకడు కుర్రవాడు, గ్రీన్‌రూమ్‌లోనే జీవితం గడిచిపోయే నాటకం వాళ్లిద్దరూ ఆడారు. తండ్రీ కొడుకులు ఆ వేషాలు వేయడం అంటే ఊహించుకోండి.

మా పరిషత్తుల్లో అరవై దాటితే శాలువా కప్పి కూర్చోబెడతారు. అందుకే ఈయనంటే నాకింత పక్షపాతం.

రీలుపిచ్చోడు
ఇంత వస్తుందని అనుకోలేదు, అందరికీ దండాలు. అవార్డుల సంగతి ఎవరూ చెప్పలేదు. ‘మకారియో’ ఆస్కార్ విదేశీ చిత్రాల విభాగంలో నామినేషన్ పొందిన మొదటి మెక్సికో సినిమా, స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ తీసిన ‘వర్జిన్ స్ప్రింగ్’ చేతిలో ఓడింది. ఆయనకు 2007లో మెక్సికో సినిమా పురస్కారం గోల్డెన్ ఏరియల్, 2015లో జాతీయ కళా పురస్కారం.

వరంగల్_వెంకన్న
మా నాయినకు పాత సినిమాలంటే పానం. ఇంగ్లీషు చదవరాదు, నేను పక్కన కూసొని చెప్పాలె. వీటిల్ల ఏది ముందు పెట్టాలె?

పాతసినిమా_సుబ్బలక్ష్మి
ముందు మూగవాడి సినిమా పెట్టు వెంకన్నా, నువ్వు చెప్పాల్సింది తక్కువ ఉంటుంది. తర్వాత కోడి పందేలు. ఆ రెండూ ఆయనకు నచ్చితే ‘మకారియో’.

లెఫ్ట్‌సైడు_లింగం
‘రోసా బ్లాంకా’ కూడా పెట్టు తమ్మీ. భూమి పోయినోళ్ల కథ మీ నాయినకు ఎవరూ పక్కన కూసొని చెప్పక్కర్లేదు.